గోథెన్‌బర్గ్ ఇంకా ఓడరేవు నగరమేనా, ఒట్టి షోకేసా?

లంగరు:
ట్రావెల్ విభాగంలో ఎవరో రాశారు, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ స్కాండినేవియాలోకెల్లా పెద్ద రేవు, ఊరి మధ్యలో నిలబడితే చాలు ఓడలు కనిపిస్తాయని. మొదటి మాట నిజం. రెండోది నమ్మి వెళ్లేవాళ్ల కోసం ఈ పోస్టు. కంటైనర్లు దిగే స్కాండియా హార్బర్ ఊళ్లో లేదు, ఎల్వ్స్‌బోరీ వంతెన దాటాక యోటా నది మొగ దగ్గర ఉంది. క్రూడాయిల్ ట్యాంకర్లు ఆగే టోర్స్ హార్బర్ ఇంకా బయటికి, సముద్రం వైపు. ఊళ్లో మిగిలిందల్లా ఎరిక్స్‌బెర్గ్‌లో 84 మీటర్ల నారింజరంగు క్రేను, దాని చుట్టూ ఫ్లాట్లు. ఆ క్రేను 1969లో నిలబెట్టారు. పదేళ్లకే, 1979లో, అక్కడి ఓడల యార్డు పని ఆగిపోయింది. యోటావెర్కెన్, ఎరిక్స్‌బెర్గ్, లిండ్‌హోల్మెన్ అని నదికి ఉత్తరాన హిసింగెన్ దీవి ఒడ్డున వరసగా ఉన్న మూడు యార్డుల్లో ఇవాళ ఒక్కచోట కూడా ఓడ కట్టరు. మరి దీన్ని ఓడరేవు నగరం అని ఎలా అమ్ముతున్నారు?

చిన్నబాబు:
ఆగస్టులో రెండు రోజులు వెళ్తున్నా అన్నా. ఓడలు చూడాలంటే ఎక్కడ నిలబడాలి?

కోరమాండల్:
లంగరు గారూ, రేవు ఊరి మధ్యనుంచి మొగకి జరగడం ప్రపంచమంతటా జరిగిందే. గోథెన్‌బర్గ్‌కి అదనంగా ఒక కారణం ఉంది, బంకమట్టి. యోటా నది లోయంతా మెత్తని బంక. నగరంలో కొన్నిచోట్ల 100 మీటర్ల దాకా రాయి తగలదు. నది లోపలి భాగాన్ని ఇష్టమొచ్చినట్టు తవ్వితే ఒడ్డు జారుతుంది. ఈ లోయలో 1950లో సుర్తె, 1957లో యోటా కొండచరియలు జారాయి. నదికి కాస్త ఎడంగా, హిసింగెన్ మీదే తూవెలో 1977లో జారినప్పుడు 9 మంది పోయారు. అందుకే లోతు కావాలన్నప్పుడు బయటికే వెళ్లాలి.

ఇప్పుడు నడుస్తున్న స్కాండియా గేట్‌వే పని చూడండి, స్కాండియా హార్బర్‌కి వచ్చే దారిని లోతు చేయడం. ప్రస్తుతం భారీ కంటైనర్ ఓడలు పూర్తి లోడుతో రాలేవు. తవ్వకం అయ్యాక 17.5 మీటర్ల డ్రాఫ్ట్ ఉన్న ఓడ, అంటే అడుగు నీళ్ల కింద అంత లోతుకి దిగేది, నేరుగా ఆగే గట్టుకి, అంటే బెర్త్‌కి వస్తుంది. కాలువ తవ్వితే సరిపోదు. గోడ కింద మట్టి తీసేస్తే గోడే ముందుకు ఒరుగుతుంది కాబట్టి, బెర్త్ గోడని కూడా బలపరచాలి. తీసిన మట్టిలో కలుషితమైన భాగాన్ని సముద్రంలో పారబొయ్యరు, సిమెంటు లాంటివి కలిపి గట్టిపరచి ఆరెండాల్ అఖాతంలో కొత్త టెర్మినల్‌కి నేలగా పోస్తున్నారు. ఇంత చేస్తున్న ఊరిని షోకేసు అంటారా?

బస్సురాజు:
అదంతా సరే, అది వోల్వో ఊరు కదండీ. మనకి ఏసీ బస్సు అంటేనే వోల్వో.

కోరమాండల్:
బస్సులు, లారీలు చేసేది ఏబీ వోల్వో, కార్లు చేసేది వోల్వో కార్స్. రెండూ వేరు కంపెనీలు. కార్ల కంపెనీని 1999లో ఫోర్డ్‌కి అమ్మారు, 2010లో చైనా గీలీ చేతికి వెళ్లింది. రెండింటి ప్రధాన కార్యాలయాలూ గోథెన్‌బర్గే. మొదటి కారు 1927 ఏప్రిల్ 14న హిసింగెన్‌లో బయటికొచ్చింది, పెట్టుబడి బేరింగులు చేసే ఎస్‌కేఎఫ్‌ది. రేవు లేకపోతే ఈ లారీలు, కార్లు ఎగుమతి అయ్యేదెలా? స్వీడన్ విదేశీ వర్తకంలో 30 శాతం దగ్గర దగ్గర ఈ రేవు మీదుగానే పోతుంది. కంటైనర్లలో సగానికి పైగా రైల్లోనే వస్తాయి.

హిసింగెన్‌దారి:
శాతాలు చదివి ఊరిని కొలవకండి సార్. దక్షిణ స్వీడన్‌లో మాల్మో సంగతి గుర్తుందా? కొకుమ్స్ యార్డు క్రేనుని 2002లో హ్యుందాయ్‌కి ఒక్క డాలరుకి ఇచ్చేశారు, కొరియాలో ఉల్సాన్‌లో ఇప్పటికీ ఓడలు కడుతోంది. గోథెన్‌బర్గ్ వాళ్లు తమ క్రేనుని వేటాడిన పులి తలని గోడకి తగిలించుకున్నట్టు నిలబెట్టుకున్నారు. పనిచేసే క్రేను ఉల్సాన్‌లో ఉంది, బొమ్మ క్రేను ఇక్కడుంది.

పాతపటం:
కొకుమ్స్ క్రేను 138 మీటర్లు, ఎరిక్స్‌బెర్గ్‌ది 84. రెంటికీ పోలిక కుదరదు.

హిసింగెన్‌దారి:
ఎత్తు గురించి ఎవరడిగారండీ?

పాతపటం:
మీరే "క్రేను, క్రేను" అన్నారు. చిన్న క్రేనుకి విదేశంలో కొనేవాడు దొరకడు, అందుకే నిలబడింది. సెంటిమెంటు కాదు.

లంగరు:
క్రేను గొడవ పక్కన పెడదాం. అసలు యార్డులు ఎందుకు పోయాయో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

కోరమాండల్:
చెప్తాను, కొంచెం పొడుగు అవుతుంది.

1963లో యోటావెర్కెన్ ఆరెండాల్‌లో కొత్త యార్డు తెరిచింది. అప్పటికి అలాంటిది లేదు. ఒక చివర నుంచి ఉక్కు ప్లేట్లు వస్తాయి, కోత, వెల్డింగ్, సెక్షన్ల తయారీ అన్నీ కప్పు కిందే. ఓడని వెనక భాగం నుంచి మొదలుపెట్టి, ఒక్కో ముక్క అతికాక హైడ్రాలిక్ జాక్‌లతో డాక్‌లోకి తోసేవాళ్లు. కార్ల ఫ్యాక్టరీ పద్ధతి అన్నమాట. వానలో, మంచులో వెల్డింగ్ ఆగే బాధ తప్పింది. దాని బలహీనత కూడా అదే. ఒకే రకం ట్యాంకర్లు వరసగా కడితేనే లైను గిట్టుబాటు అవుతుంది. 1973లో చమురు ధర పెరిగింది, 1975లో సూయజ్ కాలువ మళ్లీ తెరిచారు, ఆఫ్రికా చుట్టి వచ్చే భారీ ట్యాంకర్ల అవసరం తగ్గింది. ఆర్డర్లు రద్దు. జపాన్ అప్పటికే ముందుంది, వెనకే కొరియా. ఎరిక్స్‌బెర్గ్‌ని 1975లో ప్రభుత్వం తీసుకుంది. 1977లో మిగిలిన పెద్ద యార్డుల్లో చాలావాటిని కూడా కలిపి స్వెన్స్కా వార్వ్ అని ఒకే సంస్థ చేశారు. ఆరెండాల్ సముద్రపు చమురు రిగ్గులకి, మనుషులు ఉండే తేలే వసతి వేదికలకి మళ్లింది, 1989లో అదీ ముగిసింది. ఇంత డబ్బు పోసినా బతకలేదు. మూసేయడం తప్పేం కాదు. ముందే మూసి ఉంటే ఇంకా బాగుండేది.

హిసింగెన్‌దారి:
ఇదే నాకు మండేది. "డబ్బు పోసినా" అన్నారు చూడండి. గోథెన్‌బర్గ్‌కి ఉత్తరాన ఉన్న ఉడ్డెవాల్లా యార్డు 1986లో మూసినప్పుడు ఏం చేశారు? దానికి బదులుగా వోల్వో కార్ల ఫ్యాక్టరీ పెట్టించారు, సర్కారు రాయితీలు, రోడ్డు మాటలు ఇచ్చి మరీ. కన్వేయర్ లేకుండా చిన్న బృందం మొత్తం కారు బిగించే పద్ధతి, పత్రికలన్నీ పొగిడాయి. 1993లో దాన్నీ మూశారు. యార్డుకి ఇస్తే దుబారా, కార్లకి ఇస్తే భవిష్యత్తు! రిపేరు యార్డు సిటీవార్వెట్ ఊళ్లో నది ఒడ్డునే 2015 దాకా నడిచింది, అప్పటికి డచ్ కంపెనీ డామెన్ చేతిలో ఉండేది. నష్టాలని చూపించి మూశారు, దాని పక్కన ఇళ్లు వచ్చాయి. ఏది మూసినా చివరికి ఫ్లాట్లే ఎందుకు వస్తాయి?

కావేరీ:
అద్దె ఇంటి కోసం ఏళ్లకేళ్లు క్యూలో ఉండేవాళ్లం, ఫ్లాట్లు రావడం పాపమా?

హిసింగెన్‌దారి:
క్యూలో ఉన్నవాళ్లకి అక్కడ ఎన్ని దక్కాయి తల్లీ? నదివైపు కిటికీ ఉన్నవాటి ధర చూశారా?

బస్సురాజు:
లిండ్‌హోల్మెన్‌లో ఫ్లాట్లే కాదు, చామర్స్ యూనివర్సిటీ క్యాంపస్, సైన్స్ పార్క్, ఎరిక్సన్ ఉన్నాయి. మన పిల్లలు చదివేది అక్కడే.

పాతపటం:
చామర్స్ డబ్బు ఎక్కడిదో తెలుసా? విలియం చామర్స్ స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు. 1731లో పెట్టిన కంపెనీ, 1813 దాకా కాంటన్‌కి, అంటే చైనాకి, ఎక్కువగా వెళ్లి మొత్తం 132 ప్రయాణాలు. పెద్ద లాభం టీలో. బ్రిటన్‌లో టీ మీద పన్ను 100 శాతం దాటి ఉండేది కాబట్టి గోథెన్‌బర్గ్‌లో వేలం వేసిన టీలో చాలా భాగం దొంగతనంగా ఇంగ్లాండు చేరేది. 1784లో బ్రిటన్ ఆ పన్నుని 12.5 శాతానికి దించేసరికి వ్యాపారం నడుం విరిగింది. ఆ మధ్య కాలంలో కట్టిందే ఇప్పటి సిటీ మ్యూజియం, అంటే ఈస్టిండియా హౌస్. సాల్‌గ్రెన్స్కా ఆసుపత్రికీ మూలధనం ఆ కంపెనీ డైరెక్టరు వీలునామాలోదే. మన కోరమాండల్ తీరానికీ వచ్చారు, 1733లో పోర్టోనోవోలో కొట్టు తెరిస్తే ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు కలిసి లాక్కున్నారు. ఈ ఊరు ఎప్పుడూ వేరేవాళ్ల పన్నుల మీద, వేరేవాళ్ల యుద్ధాల మీద బతికింది. నెపోలియన్ దిగ్బంధంలో కూడా అంతే, బ్రిటిష్ సరుకు ఇక్కడ దించి యూరప్‌లోకి పంపారు. ఓడలు కట్టడం అన్నది నడుమ వచ్చిన వందేళ్ల ముచ్చట.

హిసింగెన్‌దారి:
వందేళ్ల ముచ్చట! 1841 నుంచి 1989 దాకా లెక్కపెట్టండి సార్. వేల కుటుంబాల కూడు అది.

లంగరు:
ఒక సాక్ష్యం ఇస్తా. 2021లో హిసింగెన్ వంతెన తెరిచారు, 1939 నాటి యోటా ఎల్వ్ వంతెన స్థానంలో. రెండూ ఓడ వస్తే తెరుచుకునే వంతెనలే. పాతది మూసి ఉన్నప్పుడు నీటికి, వంతెనకి మధ్య 19.5 మీటర్లు. కొత్తది 12 మీటర్లు. వేనెర్న్ సరస్సుకి వెళ్లే సరుకు ఓడలు పాతదాని కింద చాలావరకు అలాగే వెళ్లేవి, ఇప్పుడు లిఫ్ట్ ఎత్తాలి. ఉదయం, సాయంత్రం ఆఫీసు వేళల్లో ఎత్తరు. ఓడ ఆగాలి.

కోరమాండల్:
వంతెన తక్కువ ఎత్తులో ఉంటే ఏటవాలు తగ్గుతుంది. ట్రాముకి, సైకిలుకి అదే కావాలి. ర్యాంపులు చిన్నవైతే రెండు ఒడ్డులా భూమి మిగులుతుంది.

లంగరు:
భూమి మిగిలితే ఏం కడతారో చెప్పనక్కర్లేదు.

కోరమాండల్:
ఒక్క ట్రాములో వంద మంది పైగా ఉంటారు. వేనెర్న్ ఓడలో సిబ్బంది పది మంది. ఎవరు ఆగాలి?

హిసింగెన్‌దారి:
ఆ ఒక్క ఓడ సరుకుని లారీలకి ఎక్కిస్తే నూరు లారీలు రోడ్డు మీదికొస్తాయి, అవి మీ ట్రాముకే అడ్డం. అసలు మనిషి తలలు లెక్కపెట్టడమేంటి? రేవు ఊరన్నాక రూలొకటే, ఓడ వస్తే వంతెన లేవాలి. నదికి ముందు ఎవరున్నారు?

కోరమాండల్:
ఈ ఊరు మీ యార్డు కోసం కట్టలేదు. జనం కోసం...

[మోడరేటర్: ఈ పోస్టులో మిగతా వాక్యాలు తీసేశాను. ఒకరి జీతాల గురించి ఇంకొకరు మాట్లాడొద్దు.]

లంగరు:
సరే, అసలు తేడా ఇక్కడుంది. కోరమాండల్ గారికి రేవు అంటే టన్నులు. మొగలో టన్నులు పెరిగితే ఊరు రేవు ఊరే. నాకు, హిసింగెన్‌దారి గారికి రేవు అంటే నది మీద పని చేసే హక్కు. ప్రజల డబ్బు పోసి యార్డుల్ని నడిపింది ప్రభుత్వం, పోయాక ఆ నేల ధర పెరిగితే లాభం ఎవరికి వెళ్లాలో అప్పుడే తేల్చుకోవాల్సింది.

కోరమాండల్:
నేల లాభం మాట ఒప్పుకుంటా. వంతెన ఎత్తు మాత్రం ఒప్పుకోను.

హిసింగెన్‌దారి:
నేను ఏదీ ఒప్పుకోను.

చిన్నబాబు:
అన్నలూ, నా ప్రశ్న...

పాతపటం:
చిన్నబాబూ, మొదటి రోజు స్టేన్‌పీరెన్ దగ్గర నదిలో నడిచే ఎల్వ్‌స్నాబ్బెన్ పడవ ఎక్కి క్లిప్పన్ దాకా వెళ్లు. దారిలో ఎరిక్స్‌బెర్గ్ క్రేను తగులుతుంది. క్లిప్పన్ నుంచి 45 మీటర్ల ఎత్తులో ఎల్వ్స్‌బోరీ వంతెన, దాని కిందుగా డెన్మార్క్ వెళ్లే స్టెనా ఫెర్రీలు. లంగరు గారు మరిచారు, అవి ఇంకా ఊళ్లోకి వస్తాయి. రెండో రోజు ట్రాము ఎక్కి సాల్ట్‌హోల్మెన్ దిగు, అక్కడినుంచి పడవలో డోన్సో దీవి. కార్లు లేని చిన్న దీవి, ఆయిల్ ట్యాంకర్ల యజమాని కంపెనీలు ఎన్నో అక్కడే ఉన్నాయి. ట్రాము, పడవ రెంటికీ ప్రజా రవాణా సంస్థ వెస్ట్‌ట్రాఫిక్ టికెట్టే. కాలవల్లో పాడ్డన్ టూరిస్టు పడవ ఎక్కితే ఒక వంతెన కింద తల వంచి కూర్చోమంటారు, నిజంగానే వంచు. లిసెబెరీ పార్కుకి సాయంత్రం పో, 1923 నాటిది.

చిన్నబాబు:
థాంక్స్ అన్నా. హిసింగెన్ వంతెన లేచేది ఎన్నింటికి?

హిసింగెన్‌దారి:
ఆఫీసులకి పోయేవాళ్లందరూ దాటాక.