స్కూల్లో స్ట్రింగ్ ఆర్కెస్ట్రా అప్పగించారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఈ దేశం వచ్చి మూడు నెలలైంది. కర్ణాటక వయొలిన్ పదిహేనేళ్లు నేర్చుకున్నాను. పాశ్చాత్య స్వరలిపి చదవడం కూడా కొంత సాధన చేశాను. ఒక స్కూల్లో సంగీతం టీచరుగా చేరాను. వచ్చే విద్యాసంవత్సరం నుంచి స్ట్రింగ్ ఆర్కెస్ట్రా, అంటే కమానుతో వాయించే తీగ వాద్యాల బృందం, బాధ్యత నాదేనని చెప్పారు. మొత్తం ముప్పై రెండు మంది పిల్లలు. అందరూ పది, పదమూడేళ్ల మధ్యవాళ్లు, వాళ్లలో సగం మంది కొత్తగా చేరేవాళ్లే. వారానికి రెండు తరగతులు, ఒక్కొక్కటి నలభై అయిదు నిమిషాలు. ఒక్క విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పడం నాకు తెలుసు. ఇంతమందితో ఒకేసారి ఎలా వాయింపించాలో తెలియదు. చెల్లో, డబుల్ బాస్ అయితే ఎన్నడూ ముట్టుకోలేదు. ఈ పనిలో అనుభవం ఉన్నవారు దారి చెప్పగలరా?

మొదటి జవాబు

అమ్మా, పంతొమ్మిదేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపికగా చదవండి.

మీరు ఖాళీ చేతులతో వెళ్లడం లేదు. శ్రుతి కుదరనిదే కమాను ఎత్తని అలవాటు మీకు ఉంది. ఈ ఉద్యోగానికి అన్నిటికంటే విలువైనది అదే. అయితే ఆ చెవి పని చేయాలంటే ముందు గదిలో ఏర్పాట్లు కుదరాలి. నాకు మొదటి ఏడాది అవి కుదరలేదు. నలభై నిమిషాల తరగతిలో ఇరవై అయిదు నిమిషాలు శ్రుతి చేయడానికే పోయేవి. ఒకరి వాద్యం సరిచేసి పక్కకు తిరిగేలోపు ఇంకొకరి బిరడ (తీగను బిగించే కొయ్య మేకు) జారేది. పనిలేక కూర్చున్న పిల్లలు అల్లరి చేయడంలో వాళ్ల తప్పేమీ లేదు.

కాబట్టి స్కూలు తెరవడానికి ముందే ఒక రోజు వెళ్లి, ఉన్న వాద్యాలన్నీ బయటికి తీసి ఒక్కొక్కటీ పట్టి చూడండి. గుర్రం, అంటే తీగల్ని ఎత్తి పట్టే చిన్న కొయ్య వంతెన, నిటారుగా నిలబడి ఉందా, ముందుకు వాలిందా? తీగలు బిగించే కొద్దీ అది వేలిపలక వైపు వాలుతుంది, పట్టించుకోకపోతే ఒకరోజు పడిపోతుంది. తీగలు మార్చవలసి వస్తే ఒకటి విప్పి ఆ చోట కొత్తది వేశాకే రెండోది విప్పండి. నాలుగూ ఒకేసారి తీస్తే గుర్రంతోపాటు లోపల నిలబెట్టిన చిన్న కర్ర స్తంభం కూడా పడిపోవచ్చు. దాన్ని జిగురుతో అతికించరు, తీగల బిగువు మీదే నిలుస్తుంది. పడితే మళ్లీ నిలబెట్టడం వాద్యాలు బాగుచేసేవారి పని, మీరు ప్రయత్నించకండి. కొత్త పిల్లల వాద్యాలకు నాలుగు తీగలకూ శ్రుతిని కొద్దికొద్దిగా సరిచేసే చిన్న మరలు ఉండేలా స్కూలు వారిని అడగండి. మొదటి ఏడాది బిరడలు తిప్పేది మీరు మాత్రమే. తిప్పేటప్పుడు లోపలికి నొక్కుతూ తిప్పాలని మీకు తెలిసిందే. చలికాలంలో గదుల్లో వేడి పెట్టినప్పుడు గాలి బాగా పొడిబారుతుంది. కొయ్య కుంచించుకుపోయి బిరడలన్నీ ఒకే ఉదయం వదులైపోతాయి, పలకలు పగలడమూ జరుగుతుంది. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిది.

వాద్యం కొలత విషయంలో ఎవరికీ లొంగకండి. పిల్లవాడు ఎడమ చేయి చాపితే, మోచేయి కాస్త వంగి ఉండగానే అరచేయి వయొలిన్ తలభాగాన్ని చుట్టగలగాలి. ‘ఎదిగే పిల్లవాడు కదా, పెద్దది తీసుకుంటాం’ అనే తల్లిదండ్రులు ప్రతి ఏడాదీ వస్తారు. పెద్ద వాద్యం పట్టుకున్న పిల్లల భుజం బిగుసుకుంటుంది, మణికట్టు మడుచుకుంటుంది. ఆ బిగువు వదిలించడానికి తర్వాత రెండేళ్లు పడుతుంది. కాస్త చిన్నదైనా నష్టం లేదు.

ఇక మీరు మారవలసిన సంగతులు. మనం కింద కూర్చుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించి వాయిస్తాం. ఇక్కడ అది మెడ ఎముకకూ దవడకూ మధ్య నిలవాలి, ఎడమ చేయి దాన్ని మోయకూడదు. స్కూలు తెరిచేలోపు రోజూ అద్దం ముందు నిలబడి వాయించండి. పిల్లలు మీరు చెప్పింది కాదు, మీ ఒంట్లో కనిపించేదే నేర్చుకుంటారు. స్వరం కూడా నిలకడగా పలకాలి. డి ని షడ్జమం అనుకుంటే డి మేజర్ స్కేలు మన శంకరాభరణమే. కానీ వేలు అలవాటు కొద్దీ ఊగితే ముప్పై మంది ముప్పై రకాలుగా ఊపుతారు.

డి మేజర్‌తోనే ఎందుకు మొదలుపెడతారంటే, వయొలిన్, దానికంటే కాస్త పెద్దదైన వయోలా, చెల్లో, డబుల్ బాస్ నాలుగింటిలోనూ జి, డి, ఎ తీగలు ఉమ్మడిగా ఉంటాయి. వయొలిన్‌కు పైన ఇ, వయోలాకూ చెల్లోకూ కింద సి, బాస్‌కు కింద ఇ అదనం. డి, ఎ తీగల మీద వయొలిన్, వయోలా, చెల్లో ముగ్గురూ స్కేలు మొత్తం పలికించగలరు. ఇక్కడే కొత్త టీచర్లు ఒక పొరపాటు చేస్తారు. మీరు వయొలిన్ మనిషి కాబట్టి ‘రెండో వేలు పెట్టండి’ అని నోట వచ్చేస్తుంది. డి తీగ మీద ఎఫ్ షార్ప్ వయొలిన్‌కూ వయోలాకూ రెండో వేలు, చెల్లోకు మూడోది, బాస్‌కు నాలుగోది. మీ మాట విన్న చెల్లో పిల్లలు ఎఫ్ వాయిస్తారు, తప్పు ఎక్కడుందో మీకు అర్థం కాదు. తరగతి మొత్తానికి చెప్పేటప్పుడు ఎప్పుడూ స్వరం పేరే చెప్పండి. వేలి సంఖ్య ఆ వాద్యం పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు చెప్పండి.

మీ శ్రుతి పెట్టె తీసుకెళ్లండి. డి మీద పెట్టి, దాని మీద స్కేలును చాలా నిదానంగా వాయింపించండి. ముందు గొంతుతో పలకాలి, తర్వాత వేలితో మీటాలి, ఆ తర్వాతే కమాను. శ్రుతితో కలిసినప్పుడు స్వరం ఎలా తెరుచుకుంటుందో ఒక్కసారి విన్న పిల్లలకు ‘కొంచెం పైకి, కొంచెం కిందికి’ అని చెప్పవలసిన అవసరం తగ్గిపోతుంది. వేలిపలక మీద అంటించే గుర్తులు మొదటి కొన్ని నెలలకు సరే, ఆ తర్వాత తీసేయండి. ఉన్నంతకాలం వాళ్లు కంటితోనే వాయిస్తారు.

తాళం దగ్గర మీకు ఒక ఇబ్బంది వస్తుంది. మనం చేతితో వేసే దెబ్బ వినిపిస్తుంది, సమం అక్కడే ఉంటుంది. కండక్టరు చేతికి చప్పుడు లేదు. అందుకే మొదటి దెబ్బకు ముందు మరో దెబ్బ చూపాలి, ఊపిరి తీసుకుంటూ. వేగం, బలం, ఎత్తుగడ అన్నీ ఆ ముందు దెబ్బలోనే ఉంటాయి. అది స్పష్టంగా లేకపోతే మొదటి స్వరం చెల్లాచెదురవుతుంది. నాలుగు లెక్కకు చేయి కిందికి, ఎడమకు, కుడికి, పైకి. ఇంట్లో ఏదైనా వింటూ వారం రోజులు ఇదొక్కటే చేయండి.

కమాను కదలిక అందరిదీ ఒకే వైపు ఉండాలి. ఇది అందం కోసం మాత్రమే కాదు, ఒకే వరుసలో సగం కమాన్లు పైకి, సగం కిందికి పోతే స్వరానికి బరువు ఒకేచోట పడదు. పిల్లలకు స్వరలిపి కాగితాలు ఇచ్చేముందే ప్రతి వాద్యం భాగంలోనూ పెన్సిలుతో గుర్తులు పెట్టండి. తరగతిలో చెప్పి రాయించుకుందాం అనుకుంటే ఒక తరగతి పోయినట్టే.

చివరగా మనసుకు దగ్గరైన మాట ఒకటి. వయొలిన్ సరిగా రానివాళ్లను వయోలాకు, మొదటి వయొలిన్ రానివాళ్లను రెండో వరుసకు పంపే అలవాటు చాలా స్కూళ్లలో ఉంది. దయచేసి అలా చేయకండి. పిల్లలకు అది శిక్షలాగే తెలుస్తుంది, ఆర్కెస్ట్రాకు మధ్య గొంతు లేకుండా పోతుంది. గట్టి పిల్లల్లో ఒకరిద్దరిని రెండో వయొలిన్‌లో కూర్చోబెట్టండి. వయోలా ఎంచుకున్నవాళ్లకు ఆ సి తీగ నాదం ముందు వినిపించి, ఇష్టపడి ఎంచుకునేలా చేయండి.

ఇంకొకటి మరిచాను. మన పద్ధతిలో గురువు చేయి పట్టి వేలు సరిచేస్తారు. ఇక్కడ పిల్లల్ని తాకడం గురించి స్కూలు నియమాలు ఉంటాయి, మొదటి రోజే అడిగి తెలుసుకోండి. తాకడానికి వీలున్నచోట కూడా ‘నీ చేయి సరిచేయనా?’ అని అడిగాకే ముట్టుకోండి.

రెండో జవాబు

నమస్కారమండీ. నేను చెల్లో వాయిస్తాను, ఒక స్కూలు ఆర్కెస్ట్రాకు సాయం చేస్తుంటాను. అక్కయ్యగారు చెప్పినవాటికి నా వైపు నుంచి కొంచెం కలుపుతాను.

చెల్లో పాఠం కుర్చీతో మొదలవుతుంది. వెనక్కి వాలే ప్లాస్టిక్ కుర్చీలు పనికిరావు. కూర్చునే చోటు సమంగా ఉండాలి, పిల్లలు ముందు అంచున కూర్చోవాలి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. చెల్లో అడుగున నేలకు ఆనే ఇనుప కడ్డీ జారకుండా ప్రతి కుర్చీ కాలికీ ఒక పట్టీ కట్టండి. అది లేకపోతే సగం తరగతి చెల్లో ముందుకు జారడంతోనే సరిపోతుంది. విరామంలో చెల్లోను గోడకు ఆనించనివ్వకండి, పక్కకు తిప్పి నేల మీద పడుకోబెట్టాలి.

బాస్ గురించి భయపడకండి. పెద్దవాళ్లు మామూలుగా వాయించేది కూడా ముప్పావు కొలతదే, అందువల్ల పిల్లలకు పావు, అర కొలతలు తీసుకుంటారు. దాని తీగలు ఇ, ఎ, డి, జి. వాటి మధ్య అంతరం వయొలిన్‌లా పంచమం కాదు, మధ్యమం. కాగితం మీద రాసినదానికంటే ఒక స్థాయి కింద పలుకుతుంది. అక్కయ్యగారు చెప్పిన డి మేజర్‌లో చివరి రెండు స్వరాలకు బాస్ పిల్లలు చేతిని పైకి జరపాలి. మిగిలినవాళ్లకు సులువైన స్కేలు వాళ్లకు మొదటి రోజే కష్టమవుతుంది. ఆ రెండు స్వరాలు కింది స్థాయిలో వాయించనివ్వండి. బాస్ కమాను పట్టుకోవడంలో ఫ్రెంచి, జర్మన్ అని రెండు పద్ధతులున్నాయి, కమాన్లు కూడా వేరు. మీ స్కూల్లో ఏవి ఉన్నాయో ముందే చూసుకోండి. లావు తీగ పలకడానికి కాస్త సమయం తీసుకుంటుంది కాబట్టి బాస్ పిల్లలు ఆలస్యంగా వాయిస్తున్నట్టు వినిపిస్తుంది. వాళ్లను మందలించకుండా, ముందుగానే కమాను ఆనించి సిద్ధంగా ఉండమని నేర్పండి.

అడిగినవారు

అక్కయ్యగారూ, అన్నగారూ, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. మొదటి మూడు నెలలకే ప్రదర్శన ఉండాలని స్కూలు వారంటున్నారు. సగం మంది కమాను పట్టడమే అప్పటికి నేర్చుకుంటారు కదా, ఏం చేయాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు

ముందు స్కూలు వారితో మాట్లాడి, రెండు తరగతుల్లో ఒకటి కొత్తవాళ్లకు, ఒకటి పాతవాళ్లకు అడగండి. ప్రదర్శనకు ముందు మూడు వారాలు మాత్రమే అందరినీ కలపండి. ఇది ఒప్పించగలిగితే మీ ఏడాది సగం గట్టెక్కినట్టే.

ప్రదర్శనలో మూడు రచనలు చాలు. కొత్తవాళ్లు డి, ఎ తీగల్ని ఎడమ వేళ్లు నొక్కకుండా ఖాళీగా మీటుతుంటే పాతవాళ్లు వాటి మీద పాట వాయించేది ఒకటి, పాతవాళ్లది ఒకటి, అందరూ కలిసి డి మేజర్‌లో ఒకటి. ప్రచురణకర్తలు రచనలకు స్థాయి సంఖ్య వేస్తారు. పిల్లలు తరగతిలో చేరుకున్న స్థాయికంటే ఒక మెట్టు కింద ఉన్నదే వేదికకు ఎంచుకోండి. బాగా వచ్చిన సులువైన పాట పిల్లల వెన్ను నిటారుగా నిలబెడుతుంది. కాగితాలు కొని తెచ్చుకోవాలి, నకళ్లు తీసే విషయంలో హక్కుల చట్టాలు ఉంటాయి.

వాయించడంతోపాటు వేదిక మీదికి నడవడం, కమాను ఎత్తి సిద్ధమవడం, ఆఖరి స్వరం తర్వాత కదలకుండా ఆగడం, లేచి నిలబడడం కూడా కనీసం నాలుగుసార్లు సాధన చేయించండి. అదనపు ఇ, ఎ తీగలు ప్రతి కొలతకూ ఒక్కొక్కటి మీ సంచిలో పెట్టుకోండి. ముందు వారం ఒకసారి హాలుకు వెళ్లి ముప్పై రెండు కుర్చీలు వేసి చూడండి, ప్రతి పిల్లవాడి కుడి మోచేయికీ పూర్తి కమాను లాగేంత చోటు ఉండాలి.