ఏడో తరగతి ల్యాబ్ పీరియడ్ తీసేసి ఐఐటీ ఫౌండేషన్ పెట్టడం సరైనదేనా?

అలిపిరి అమ్మ:
మా పాప తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి. వారానికి ఉన్న రెండు ల్యాబ్ పీరియడ్లూ వచ్చే నెల నుంచి ఉండవట, ఆ టైములో ఐఐటీ ఫౌండేషన్, అంటే ఐఐటీ ప్రవేశ పరీక్షకు ముందస్తు కోచింగ్, చెబుతారట. డైరీలో రాసి పంపారు. మా గ్రూపులో చాలామంది తల్లిదండ్రులు సంతోషించారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు.

పోయిన నెల ఆమ్లాలు, క్షారాల పాఠం జరిగింది. పాప కాగితం ముక్కలకు పసుపు నీళ్ళు పట్టించి ఆరబెట్టుకుంది. సబ్బు నీళ్ళ చుక్క పడితే ఎర్రబడింది, దాని మీద నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు. ఇంతవరకూ పుస్తకంలో ఉన్నదే. ఆ సాయంత్రం మా అత్తగారు చిన్నవాడికి దిష్టి తీయడానికి పళ్ళెంలో పసుపు నీళ్ళు కలిపి, వేలితో కాస్త సున్నం వేశారు. నీళ్ళు ఎర్రగా తిరిగాయి. పాప పరుగెత్తుకొచ్చి "అవ్వా, సున్నం క్షారం! అందుకే ఎర్రబడింది!" అని గంతులు. అంతటితో ఊరుకోలేదు. పొయ్యి బూడిద నీళ్ళు, పెరుగు, చింతపండు పులుసు, షాంపూ, ఏది దొరికితే అది చుక్క వేసి, నోటుబుక్కులో గళ్ళు గీసి రాసుకుంది. సబ్బు రంగు మార్చింది, షాంపూ మార్చలేదు. ఎందుకని మూడు రోజులు నా ప్రాణం తీసింది. నాకు తెలియలేదు. ఆ పీరియడ్ లేకపోతే ఈ ప్రశ్నే పుట్టేది కాదు కదా!

మంగళం రోడ్ నాన్న:
అమ్మా, మీ పాప చురుకైనది, సంతోషం. మావాడి సంగతి వినండి. పోయినేడు ల్యాబ్‌లో వంటసోడా మీద వెనిగర్ పోసి అగ్నిపర్వతం చేశారు. నురగ పొంగింది, చప్పట్లు కొట్టారు, ఫొటోలు వాట్సాప్‌లో పెట్టారు. వచ్చిన గ్యాస్ ఏదిరా అంటే తెలియదన్నాడు. సైన్స్ ఫెయిర్‌కు మోడల్ తెమ్మంటే బజారులో 600 పెట్టి కొనిచ్చాను. దీనికి ప్రయోగం అని పేరా? అంతకంటే సూత్రం అర్థమయ్యేలా చెప్పి, నాలుగు లెక్కలు చేయిస్తే నయం. నేను ఇంటర్‌లో సైన్స్ వదిలేసినవాణ్ణి. వాడికి ఆ గతి పట్టకూడదని నా టెన్షన్.

పాకాల మాస్టారు:
పంతొమ్మిదేళ్ళుగా ప్రభుత్వ హైస్కూల్లో సైన్స్ చెబుతున్నాను. మంగళం అన్న చెప్పింది నిజం. చప్పట్ల కోసం చేసే ప్రయోగం దండగ. కానీ తప్పు వంటసోడాది కాదు, అడగని ప్రశ్నది. నేనైతే అదే సోడాను సీసాలో వేయించి, మూతికి బెలూన్ తొడిగిస్తాను. "వెనిగర్ రెండింతలు పోస్తే బెలూన్ రెండింతలు ఉబ్బుతుందా? ముందు మీ ఊహ రాయండి" అంటాను. క్లాసులో సగం మంది ఉబ్బుతుందనే రాస్తారు. సోడా అయిపోయాక వెనిగర్ ఎంత పోసినా గ్యాస్ రాదని కళ్ళారా చూస్తారు. ఇంటర్‌లో లిమిటింగ్ రియేజెంట్ అని పిల్లల్ని భయపెట్టేది ఇదే. ఐఐటీ ప్రవేశానికి మొదటి మెట్టయిన జేఈఈ మెయిన్ పరీక్ష సిలబస్ 11, 12 తరగతులది. దాన్ని ఏడులోకి లాక్కొస్తే బిడ్డకు సూత్రం వస్తుంది గానీ, అది దేని గురించో తెలియదు.

మా కష్టాలూ ఉన్నాయి. 42 మందికి ఒకే మైక్రోస్కోపు. ఉల్లిపొర పెడితే మొదటి పది మంది గాలి బుడగను చూసి కణం అనుకుంటారు. సరిచేసేలోపు బెల్ కొడతారు. మిగిలినవాళ్ళకు మర్నాడే. ల్యాబ్ పీరియడ్ ఉన్న స్కూళ్ళు దాన్ని చేజేతులా వదులుకుంటుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఎమ్మెస్సీ కుర్రాడు:
స్కూల్లో వీలు కాకపోతే, అలిపిరి దారిలో రీజనల్ సైన్స్ సెంటర్ ఉంది కదా, ఆదివారం తీసుకెళ్ళండి. ఘాట్ రోడ్డు పక్కన రాళ్ళ గురించి జియలాజికల్ సర్వే వాళ్ళు పెట్టిన బోర్డూ చదివించండి. కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్, రెండింటికీ మధ్య కోట్ల ఏళ్ళ ఎడం. కొండకు వెళ్ళే ప్రతి బస్సూ దాన్ని దాటే పోతుంది, దిగి చూసేవాళ్ళు మాత్రం తక్కువ.

మంగళం రోడ్ నాన్న:
మాస్టారూ, బెలూన్ పని రాత్రి ఇంట్లో చేశాం. మావాడు ఉబ్బుతుందనే రాశాడు. తర్వాత తనే సోడా ఇంకో చెంచా వేసి చూశాడు, నేను చెప్పలేదు. ఫౌండేషన్ వద్దని మాత్రం అనలేను. రెండు పీరియడ్లలో ఒకటైనా ల్యాబ్‌కు ఉంచమంటే సంతకం పెడతాను.

అలిపిరి అమ్మ:
రెండూ ఉంచమనే అడుగుతానన్నా. శనివారం మీటింగ్‌కు మీరూ రండి, ఈ బెలూన్ సంగతి మీ నోటితోనే చెప్పండి. మాస్టారూ, ఆ షాంపూ సంగతి?

పాకాల మాస్టారు:
సబ్బును నూనెతో క్షారం కలిపి చేస్తారమ్మా, అందుకే దాని నీళ్ళలో క్షార గుణం ఉంటుంది. షాంపూలో వాడే పదార్థాలు వేరు, తలకు మంట పుట్టకుండా దాన్ని తటస్థానికి దగ్గరగా తయారుచేస్తారు. ఇది పాపకు ఇప్పుడే చెప్పకండి. గిన్నెలు తోమే లిక్విడ్, బట్టల పౌడరు, పిల్లల సబ్బు కూడా పరీక్షించి రాయమనండి. ఆ గళ్ళ కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి, మా పిల్లలకు చూపిస్తాను.