దృశ్యభారమా, తూగే బరువా?

బరంపురం నుంచి:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడ ఒడియా మాధ్యమంలో చదువుతోంది. తెలుగు దూరం కాకూడదని సైన్సు పాఠాలు ఇంట్లో మళ్ళీ తెలుగులో చెబుతుంటాను. లిఫ్టులో బరువు మారే పాఠం దగ్గర తెలుగు పుస్తకంలో “దృశ్యభారం” అని కనిపించింది. “బరువు కంటికి కనిపిస్తుందా అమ్మా?” అని అడిగింది. ఇంతకంటే నేరుగా అర్థమయ్యే మాట ఉంటే చెప్పగలరా?

గుణుపురం నుంచి:
ఇక్కడ దృశ్యం అంటే పైకి అలా తోచేది, అసలుది కాదు అని. “ఉత్తుత్తి బరువు” అనండి, పిల్లకు తెలిసిపోతుంది.

పర్లాకిమిడి నుంచి:
అమ్మా, “ఉత్తుత్తి” మాత్రం వద్దు. పాఠమంతా తలకిందులవుతుంది. భూమి మనల్ని లాగే బలం మన ఒంటికి నేరుగా తెలియదు. నేల మన అరికాళ్ళను పైకి నెట్టే బలమే మనకు బరువుగా తెలుస్తుంది. కాటా చూపించేది కూడా దాన్నే. నేల కదలకుండా ఉన్నంతసేపూ ఈ రెండు బలాలూ సమానం కాబట్టి రెండింటికీ ఒకే పేరు పెట్టి సరిపెట్టుకున్నాం. కాళ్ళ కిందిదానికి త్వరణం వచ్చిందంటే, అంటే దాని వేగం మారుతోందంటే, రెండూ విడిపోతాయి.

60 కిలోల మనిషి లిఫ్టులో కాటా మీద నిలబడ్డాడనుకోండి. లిఫ్టు పైకి బయలుదేరుతూ ప్రతి సెకనుకూ సెకనుకు 1 మీటరు చొప్పున వేగం పెంచుకుంటోంది. కాటా అతన్ని మోయడమే కాదు, అతని వేగాన్ని కూడా పెంచాలి. భూమి ఆకర్షణ ఇచ్చే త్వరణం 9.8కి ఈ 1 కలిపి 60తో గుణిస్తే 648 న్యూటన్లు, అంటే కాటా మీద సుమారు 66 కిలోలు. అదే త్వరణం కిందివైపు ఉంటే 528 న్యూటన్లు, సుమారు 54 కిలోలు. వేగం స్థిరపడగానే మళ్ళీ 60. పైకి పోతే పెరుగుతుంది, కిందికి వస్తే తగ్గుతుంది అని పిల్లలు బట్టీ పడతారు. దయచేసి అలా పట్టనివ్వకండి. పైకి పోయే లిఫ్టు పై అంతస్తు దగ్గర వేగం తగ్గించుకునేటప్పుడు త్వరణం కిందికే ఉంటుంది. అప్పుడు మనిషి పైకి పోతూనే తేలికపడతాడు. చూడవలసింది ప్రయాణం ఎటు అని కాదు, త్వరణం ఎటు అని.

ఇక మాట సంగతి. తెలుగులో “తూచు” వేరు, “తూగు” వేరు. బస్తాను మనం తూస్తాం, బస్తా 50 కిలోలు తూగుతుంది. ఆ లిఫ్టులో మనిషి 66 కిలోలు తూగాడు అంటే చదువు రానివారికి కూడా విషయం అందుతుంది. అందుకని నేను “తూగే బరువు” అంటాను. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉంటూ, జనం నోట ఆడే మాటను వదిలి “దృశ్యభారం” అని రాయడానికి నాకు చేయి రాదు.

తూగడానికి ఊగడమనే అర్థం కూడా ఉంది కదా, తూగుటుయ్యాల అంటాం. ఆ ఉయ్యాలలో ఈ పాఠమంతా ఉంది. తాడు నిట్టనిలువు నుంచి 60 డిగ్రీల దాకా లేచేలా ఊగితే, ఆ కొసన పిల్ల తన బరువులో సగమే తూగుతుంది. కిందికి వచ్చి మధ్యలో దాటే క్షణాన రెట్టింపు తూగుతుంది.

రాయగడ నుంచి:
మాస్టారూ, ఒక సందేహం. తూగడం తక్కెడతో ముడిపడిన మాట. లిఫ్టులో తక్కెడ పెట్టి ఒక పళ్ళెంలో బియ్యం, ఇంకో పళ్ళెంలో తూనికరాళ్ళు వేస్తే రెండు వైపులా ఒకే నిష్పత్తిలో మారుతుంది, ముల్లు కదలనే కదలదు. మరి తూగే బరువు మారిందని ఎలా అంటాం?

పర్లాకిమిడి నుంచి:
ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం బాబూ. తక్కెడలో జరిగేది సరితూగడం. నేల మీద సరితూగినవి లిఫ్టులో కూడా సరితూగుతాయి, ఎందుకంటే అక్కడ పోలుస్తున్నది రెండు ద్రవ్యరాశులను. త్వరణం వాటి జోలికి పోదు. స్ప్రింగు త్రాసు, దుకాణాల్లోని డిజిటల్ కాటా అలా కాదు, తమ మీద పడే బలాన్ని కొలిచి కిలోల్లోకి మార్చి చెబుతాయి. కాబట్టి తూగు మారుతుంది, సరితూగు మారదు. ద్రవ్యరాశికీ బరువుకూ తేడా చెప్పడానికి ఈ రెండు క్రియల కంటే మంచి సాధనం నాకు కనిపించలేదు.

బరంపురం నుంచి:
“తూగే బరువు” అనగానే అమ్మాయికి అందింది, కృతజ్ఞతలు. మరి అంతరిక్ష కేంద్రంలో తేలేవాళ్ళ గురించి “అక్కడ గురుత్వం లేదు” అని రాస్తారే, అది సరైనదేనా?

పర్లాకిమిడి నుంచి:
కాదమ్మా. ఆ కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతోంది. అక్కడ భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం. కేంద్రం, అందులోని మనుషులు, సామాను అన్నీ ఒకే త్వరణంతో భూమివైపు పడుతూనే ఉంటాయి. పక్కకు ఉన్న వేగం వల్ల నేలను చేరవు, అంతే. అందరూ కలిసి పడుతున్నప్పుడు ఎవరూ ఎవరినీ మోయరు, కాబట్టి ఏదీ తూగదు. “భారరహిత స్థితి” అన్న మాట కొంత మెరుగే కానీ, అందులో ఒక చిక్కు ఉంది. భారం అంటే ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతో గుణించినది అని నేర్పిన పుస్తకమే, ఆ భారం 90 శాతం ఉన్నచోట భారం లేదంటుంది. ఆ మాట నిలవాలంటే అక్కడ భారమంటే తూగే బరువే అని ఒప్పుకోవాలి. బడిలో బరువుకు ఒడియా మాట “ఓజన” వచ్చినప్పుడల్లా ఇదే ప్రశ్న వేసుకోమనండి: ఏ ఓజన, భూమి లాగేదా, కాటా చూపేదా?