అమ్మను చూసుకుంటున్న వదినకు మేమేం చేయాలి?

తణుకు తమ్ముడు (ప్రశ్న):

మా అమ్మకు డెబ్బై ఒకటో ఏట పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది; మనం చెప్పేది అర్థమవుతుంది గానీ తిరిగి చెప్పలేదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు వైద్యం బాగానే జరిగింది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మందుల పేర్లు, మళ్లీ చూపించుకోవలసిన తేదీ రాశారు తప్ప, లేవలేని మనిషిని మంచం మీద ఎలా తిప్పాలో, సరిగ్గా మింగలేని మనిషికి ముద్ద ఎలా పెట్టాలో ఎవరూ చూపించలేదు. అవన్నీ మా వదిన చేస్తూ చేస్తూ నేర్చుకుంది.

మేము ముగ్గురం సంతానం. అన్నయ్య ఊళ్లోనే ఎరువుల దుకాణం నడుపుతాడు, అక్క హైదరాబాదులో ఉంటుంది, నేను పుణెలో ఉద్యోగం చేస్తున్నాను. డబ్బు దగ్గర మా మధ్య గొడవలు లేవు. మందులకు, డైపర్లకు, ఫిజియోథెరపీకి నేనూ అక్కా నెలనెలా పంపుతూనే ఉన్నాము. అయితే మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు వదిన నడుముకు బెల్టు పెట్టుకుని అమ్మను లేపుతోంది. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి అమ్మను పక్కకు తిప్పి, మళ్లీ నాలుగింటికి లేస్తోంది. పుట్టింట్లో తమ్ముడి గృహప్రవేశానికి కూడా వెళ్లలేదట. అక్క వీడియో కాల్‌లో ‘అమ్మకు జడ వేయలేదేం, పెదాలు అలా ఎండిపోయాయేం’ అని అడుగుతుంటే, వదిన ఏమీ అనకుండా ఫోను అన్నయ్య చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మేము పంపే డబ్బు అమ్మకు అందుతోంది, వదినకు మాత్రం ఏమీ అందడం లేదని నాకు అప్పుడు తోచింది. చూసుకునే మనిషికి ప్రభుత్వం వైపు నుంచి ఏమైనా సాయం ఉందా? దూరాన ఉన్న మేము చేయగలిగిందేమిటి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

కాకినాడ సిస్టర్:

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మిగతా సంగతులు ఇతరులు చెబుతారు గనుక, ముందుగా మీ వదినగారి నడుము గురించి చెబుతాను, ఎందుకంటే ఆ నడుము పడిపోయిన రోజున మీ ఇంట్లో మంచాన పడ్డవారు ఇద్దరవుతారు.

ఇంట్లో మామూలు మంచం ఉంటే అది మోకాలి ఎత్తున ఉంటుంది. దాని మీదికి వంగి రోజుకు పదిసార్లు మనిషిని కదిపితే ఎంత బలమైన వారికైనా నడుము నిలవదు. మంచం ఎత్తు చేసే వారి నడుము దాకా రావాలి. తిప్పే హ్యాండిల్ ఉన్న ఆసుపత్రి మంచం పట్టణాల్లో నెల అద్దెకు దొరుకుతుంది. మీరు ఈ నెల చేయవలసిన మొదటి ఖర్చు అదే. రెండోది, అమ్మగారి భుజాల నుంచి తొడల దాకా వచ్చేట్టు పాత దుప్పటి ఒకటి మడిచి అడ్డంగా కింద పరిచి, పైకి జరపవలసి వచ్చినప్పుడల్లా ఇద్దరు చెరో పక్కన ఆ దుప్పటి అంచులు చుట్టి పట్టుకుని జరపాలి. చంకల్లో చేతులు వేసి లాగకూడదు, మరీ ముఖ్యంగా పడిపోయిన కుడి చేతిని పట్టుకుని లాగకూడదు. పక్షవాతం వచ్చిన వైపు భుజం కీలును పట్టి ఉంచే కండరాలు వదులైపోతాయి గనుక ఆ కీలు సులువుగా జారుతుంది, ఆ నొప్పిని అమ్మగారు నోటితో చెప్పుకోలేరు. ముందు భాగం తెరుచుకునే నైటీ అయితే తొడిగేటప్పుడు కుడి చేయి ముందు, తీసేటప్పుడు కుడి చేయి చివర.

రెండు గంటలకోసారి పక్క మార్చడం సరైనదే. ఎయిర్ బెడ్ వేసినా తిప్పడం మానకూడదు, అయితే చర్మం బాగున్న మనిషికి మంచి పరుపు ఉంటే రాత్రిళ్లు ఆ విరామాన్ని కొంత పెంచవచ్చా అని వైద్యుడిని అడగండి. ఆ ఒక్క మాటతో మీ వదినగారికి రాత్రి ఒక నిద్ర మిగలవచ్చు. పిరుదుల మీద, మడమల మీద ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూడాలి. నొక్కి వదిలినా ఎరుపు చెదరకపోతే పుండు మొదలవుతున్నట్టే. దాన్ని నూనెతో మర్దన చేస్తారు మనవాళ్లు, చేయకూడదు.

అన్నం పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, తిన్న తర్వాత కనీసం అరగంట అలాగే ఉంచాలి. నీళ్లు తాగేటప్పుడు దగ్గు వస్తుంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని అనుమానించి వైద్యుడికి చెప్పాలి. పల్చటి నీళ్లకంటే చిక్కటి జావ ఇలాంటి వారికి తరచుగా సులువుగా దిగుతుంది. ఇవన్నీ మీ వదినగారికి ఇప్పటికే తెలిసి ఉంటాయి. మీ అన్నగారికీ మీకూ తెలుసా అన్నదే నా సందేహం.

సచివాలయం మెట్లు:

తణుకు అన్నారు గనుక ఆంధ్రప్రదేశ్ సంగతి చెబుతాను. ఎన్‌టీఆర్ భరోసా పింఛన్లలో వృద్ధులకు నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000 రూపాయలు ఇస్తున్నారు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 2024 జులై నుంచి 15,000 రూపాయలు. మీ అమ్మగారికి సదరం ధ్రువపత్రం (వైద్యులు పరీక్షించి ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే గ్రామ సచివాలయంలో అడిగి శిబిరానికి స్లాట్ తీసుకోవాలి. ఆరోగ్య పింఛన్ల విషయంలో వైద్య బృందాలు ఇళ్లకు వెళ్లి తనిఖీలు చేస్తున్నాయి గనుక ఆసుపత్రి కాగితాలు, స్కాన్ రిపోర్టులు అన్నీ ఒకచోట పెట్టుకోండి.

డెబ్బై ఏళ్లు నిండిన వారందరికీ 2024 అక్టోబరులో విస్తరించిన ఆయుష్మాన్ భారత్ కార్డు గురించి చాలామంది ఆశగా అడుగుతుంటారు. ఏడాదికి 5 లక్షల రూపాయల రక్షణ నిజమే గానీ, అది ఆసుపత్రిలో చేరినప్పుడు అయ్యే ఖర్చుకు. డిశ్చార్జి అయిన తర్వాత 15 రోజుల ఖర్చు వరకు అందులో వస్తుంది. పదహారో రోజు నుంచి డైపరు, ఎయిర్ బెడ్, ఆయా జీతం మనవే.

చూసుకునే వారి పేరు చట్టంలో ఎక్కడా లేదని కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, ఎక్కువ సహాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం కల్పించాలని రాష్ట్రాలకు చెబుతుంది. కేరళలో ‘ఆశ్వాసకిరణం’ అనే పథకం కింద మంచాన ఉన్నవారిని చూసుకునే వ్యక్తికి నెలకు 600 రూపాయల చొప్పున ఇచ్చే ఏర్పాటు ఉంది. అది డైపర్ల పాకెట్టుకు కూడా సరిపోదు, కానీ ఆ మనిషిని ప్రభుత్వం ఒక లబ్ధిదారుగా రాసుకుంది. మన దగ్గర పింఛను రోగి పేరు మీదే వస్తుంది. మీ వదినగారు ఏ కాగితం మీదా ఉండరు.

ఇంకొక్క సంగతి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో సంతానం అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు ఆ నిర్వచనంలో లేదు. కోడళ్లనూ అల్లుళ్లనూ చేర్చాలని 2019లో బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాకుండానే మురిగిపోయింది. చట్టప్రకారం మీ అమ్మగారి బాధ్యత మీ ముగ్గురిది. మీ వదినగారు చేస్తున్నది ఏ చట్టమూ ఆవిడ మీద పెట్టని పని.

పెద్దకోడలు:

పై వారి చివరి వాక్యాన్ని మీ అక్కగారికి పంపించండి.

మా అత్తగారికి నేను చేశాను, చివరి దాకా. నా అనుభవంలో డబ్బు కంటే ముందు కావలసింది, ఫలానా రోజు ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఈ మనిషిని చూడవలసిన పని నాది కాదు అన్న భరోసా. ‘ఎప్పుడైనా ఊరికి వెళ్లిరా వదినా, మేం చూసుకుంటాం’ అనే మాట వినడానికి బాగుంటుంది, ఆ ఎప్పుడైనా ఎప్పటికీ రాదు. మీకు ఏడాదికి ఎన్ని సెలవులున్నాయో లెక్క చూసి, అందులో ఒక పది రోజులు ఇప్పుడే తేదీలతో సహా రాసి ఇవ్వండి. మీ అక్కగారు కూడా అలాగే ఇవ్వాలి. ఆ పది రోజులూ మీ వదినగారు ఇంట్లో ఉండకూడదు. ఉంటే ‘ఆ గుడ్డ ఎక్కడుంది, ఆ మాత్ర ఏది’ అని ఆవిడనే అడుగుతారు. రాత్రి రెండింటికి లేచి అమ్మను పక్కకు తిప్పడం ఎలా ఉంటుందో మీ అక్కగారు రెండు రాత్రులు చూస్తే జడ సంగతి మళ్లీ ఎత్తరు.

డబ్బు కూడా ఇవ్వాలి, కాదనను. మందుల ఖాతాలో కలిపి మీ అన్నగారికి పంపకండి. ఆవిడ పేరున ఉన్న ఖాతాలో, ఆవిడకని వేయండి. ‘ఇంటి మనిషికి జీతమా’ అని మీ అన్నగారు నొచ్చుకోవచ్చు. బయటి మనిషిని పెడితే ఇవ్వడానికి ఎవరికీ నామోషీ ఉండదు కదా.

బవేరియా నుంచి వరంగల్ అమ్మాయి:

నేను ఇక్కడ వృద్ధుల సంరక్షణలో నర్సుగా పనిచేస్తున్నాను. భవిష్యత్తు ఎలా ఉండవచ్చో చెప్పడానికి ఇక్కడి పద్ధతి పనికొస్తుందని రాస్తున్నాను.

జర్మనీలో ఆరోగ్య బీమాతో పాటు దీర్ఘకాలిక సంరక్షణకు విడిగా తప్పనిసరి బీమా 1995 నుంచి ఉంది. జీతంలో కొంత శాతం దానికి పోతుంది. పిల్లలు లేనివారు ఇంకొంచెం ఎక్కువ కట్టాలి. ఎవరైనా మంచాన పడితే బీమా తరఫున నిపుణులు ఇంటికి వచ్చి, స్నానం, తిండి, నడక, జ్ఞాపకం వంటివన్నీ చూసి ఒకటి నుంచి ఐదు వరకు ఒక స్థాయి నిర్ణయిస్తారు. ఇంటివాళ్లే చూసుకుంటామంటే నాలుగో స్థాయి రోగికి 2025లో నెలకు 800 యూరోలు వచ్చాయి. అంతకంటే నాకు నచ్చినది, వారానికి పది గంటలకు తగ్గకుండా చూసుకునే కుటుంబ సభ్యుల పేరు మీద, వారు బయట ఎక్కువ గంటలు ఉద్యోగం చేయనట్లయితే, బీమా సంస్థే పింఛను చందా కడుతుంది. అంటే అత్తగారికి చేసిన ఏళ్లు కోడలి వృద్ధాప్య పింఛనులో లెక్కకు వస్తాయి. చూసుకునే వారు సెలవు తీసుకుంటే ఆ రోజుల్లో మరొకరిని పెట్టుకోవడానికీ, రోగిని కొన్నాళ్లు కేంద్రంలో ఉంచడానికీ కలిపి ఏడాదికి 3,539 యూరోల దాకా వాడుకోవచ్చు.

ఇదంతా స్వర్గమని అనడం లేదు. ఈ డబ్బు చాలక పోలండ్ వంటి దేశాల నుంచి వచ్చే ఆడవాళ్లను ఇంట్లో పెట్టుకుని, పని గంటల లెక్క లేకుండా చేయించుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. చేసేవాళ్ల కొరత తీవ్రంగా ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి ఇక్కడికి పంపుతున్నది అందుకే. ఇక్కడి పెద్దవాళ్లకు నేను చేసేదానికి ప్రతి నిమిషానికీ లెక్క ఉంది. వరంగల్‌లో నానమ్మను చూసుకునే మా అమ్మకు లేదు.

సచివాలయం మెట్లు:

బవేరియా వారి మాటకు ఒకటి చేరుస్తాను. మన దగ్గర ఇంత పెద్ద బీమాకు చాలా కాలం పడుతుంది, ఎందుకంటే నెల జీతం పట్టీ ఉన్నవాళ్లే తక్కువ. కేరళ దారి మనకు దగ్గర. అక్కడ 2008లోనే పాలియేటివ్ సంరక్షణకు, అంటే తీవ్రమైన జబ్బుతో ఉన్నవారి బాధ తగ్గించే సేవకు, విధానం ప్రకటించి, స్థానిక సంస్థల ద్వారా శిక్షణ పొందిన నర్సులను ఇళ్లకు పంపుతున్నారు. తెలంగాణలో పాలియేటివ్ కేంద్రాల నుంచి ‘ఆలన’ వాహనాలు ఇళ్లకు వెళ్లే ఏర్పాటు ఉంది. సచివాలయాలు, ఏఎన్ఎంలు ఉన్న మన రాష్ట్రంలో నెలకోసారి ఒక నర్సు వచ్చి పుండ్లు చూసి, చూసుకునే మనిషి బీపీ కూడా చూసి వెళ్లడం అసాధ్యమైన పనేమీ కాదు.

పిల్లలను ఎక్కువ మందిని కంటే ఈ సమస్య తీరుతుందని ఈ మధ్య పెద్దలు చెబుతున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక స్త్రీకి 1.7 మంది పిల్లలే గనుక ఆ ఆందోళన అర్థం చేసుకోదగ్గదే. కానీ ఈ ప్రశ్నే చూడండి: అమ్మగారికి ముగ్గురు పిల్లలున్నారు, రాత్రి అలారం పెట్టుకుని లేచేది ఆ ముగ్గురిలో ఎవరూ కాదు.

తణుకు తమ్ముడు:

అందరికీ ధన్యవాదాలు. సదరం ధ్రువపత్రం లేదు, రేపే అన్నయ్యతో మాట్లాడతాను. తేదీల సంగతి అక్కతో మాట్లాడాను. మొదట కోపం వచ్చింది, తర్వాత వేసవిలో వారం ఉంటానంది. కాకినాడ సిస్టర్ గారూ, పగలు ఆయాను పెట్టమంటే వదిన వద్దంటోంది. ‘కొత్త మనిషికి నేర్పేటప్పటికి నేనే చేసేస్తాను’ అంటోంది. ఏం చేయాలి?

కాకినాడ సిస్టర్:

ఆవిడ చెప్పేది నిజమే. ఏజెన్సీ నుంచి వచ్చే అమ్మాయిలు మూడు నెలలకోసారి మారిపోతుంటారు, ప్రతిసారీ మొదటి నుంచి నేర్పాలి. అందుకని రోజంతా ఉండే మనిషిని వెతకకండి. పొద్దున స్నానం, పక్కబట్టలు మార్చడం, కుర్చీలోకి దించడం, ఇద్దరు మనుషులు కావలసిన ఆ రెండు గంటలకు మీ ఊళ్లోనే బలమైన మనిషిని ఒకరిని మాట్లాడండి. ఆవిడను అమ్మగారికి సహాయకురాలిగా కాక మీ వదినగారికి సహాయకురాలిగా పెట్టండి. ఏం చేయాలో, ఏం చేయకూడదో వదినగారే చెబుతారు, నచ్చకపోతే మాన్పించే అధికారం కూడా ఆవిడదే. జీతం మీరు పంపండి. ఆ మనిషి రాని రోజున ఆ రెండు గంటలు మీ అన్నగారు దుకాణం ఆలస్యంగా తెరవాలి, ఈ సంగతి ముందే తేల్చుకోండి. మీరు ఈసారి వెళ్లినప్పుడు వదినగారిని ఎముకల డాక్టరుకు చూపించి, ఆ బెల్టు అవసరమో కాదో కనుక్కోండి. మందుల దుకాణంలో కొనుక్కుని పెట్టుకున్న బెల్టును నెలల తరబడి వదలకుండా వాడితే నడుము కండరాలు ఇంకా బలహీనపడవచ్చు.