‘అయం స రశనోత్కర్షీ’: తెగిన చేతిని పట్టుకుని ఆ మాటలు అనొచ్చా?

మహాభారతం స్త్రీపర్వంలో చనిపోయిన భర్త చేతిని చూసి భార్య ‘మొలనూలు లాగిన చేయి ఇదే’ అని ఏడ్చే ఈ శ్లోకం మీద జరుగుతున్న చర్చలో కొందరు ‘ఏడుపు మధ్యలో శృంగారం ఏమిటి, ఔచిత్యం తప్పలేదా’ అని అడిగారు. తప్పలేదని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్తాను.

సందర్భం ఒకసారి గుర్తు చేసుకుందాం. కౌరవుల వైపు వీరుడు భూరిశ్రవుడు పాండవుల వైపు పోరాడుతున్న సాత్యకి మీద కత్తి ఎత్తినప్పుడు, అతను చూడకుండా అర్జునుడు పక్కనుంచి బాణం వేసి ఆ చేతిని తెగ్గొట్టాడు. భూరిశ్రవుడు ఆయుధం వదిలేసి ప్రాయోపవేశానికి (తిండీ నీళ్లూ మాని ప్రాణం విడవడానికి) కూర్చున్నాక సాత్యకి వచ్చి తల నరికాడు. యుద్ధం అయిపోయాక ఆయన భార్య ఆ తెగిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే గాంధారి కృష్ణుడికి చూపిస్తుంది.

వ్యాప్తిలో ఉన్న పాఠంలో ఆవిడ ఏడుపు ఈ శ్లోకంతో మొదలవదు. ముందు ఇది శూరుల్ని చంపిన చేయి, స్నేహితులకు అభయమిచ్చిన చేయి, వేల గోవుల్ని దానం చేసిన చేయి అంటుంది. అదంతా లోకానికి తెలిసిన చేయి. ఆ వెంటనే తనొక్కతికే తెలిసిన చేయి వస్తుంది. మొలనూలు లాగినది, రొమ్ములు నలిపినది, నాభినీ తొడల్నీ తాకినది, పోకముడి విప్పినది. వీరుడు పోయాడని ఎవరైనా ఏడుస్తారు. తన మనిషి పోయాడని చెప్పాలంటే ఆ రెండో శ్లోకం ఉండాల్సిందే.

మన ఆలంకారికులు (కావ్యశాస్త్రం రాసినవాళ్లు) దీన్ని వదిలిపెట్టలేదు. శృంగారం, కరుణం విరోధి రసాలు కదా, ఒక్కచోట ఎలా ఇముడుతాయన్న ప్రశ్నకు 9వ శతాబ్దిలో ఆనందవర్ధనుడు, తర్వాత మమ్మటుడు ఈ శ్లోకాన్నే ఉదాహరణగా తీసుకున్నారు. ఇక్కడ శృంగారం జ్ఞాపకంగా మాత్రమే వస్తోంది, కరుణానికి అంగమై దాన్ని పెంచుతోంది కాబట్టి దోషం లేదన్నారు.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న సంగతి కూడా కాదు. గ్రీకు ఇతిహాసం ఇలియడ్ 24వ సర్గలో ట్రాయ్ వీరుడు హెక్టర్ శవం దగ్గర ముగ్గురు ఆడవాళ్లు వరుసగా ఏడుస్తారు. భార్య ఆండ్రొమకీ బాధ చూడండి: నువ్వు పక్క మీద కన్ను మూస్తూ నా వైపు చేతులు చాపలేదు, రాత్రీ పగలూ తలుచుకుని ఏడవడానికి ఒక్క మాటైనా చెప్పి పోలేదు అంటుంది. ట్రాయ్ పతనమవుతుందని, పసివాడికి దిక్కెవరని అంతకుముందే అనేసింది. చివరికి వచ్చి ఆగింది మాత్రం తనకు అందని ఆ చేతుల దగ్గర.

ఐర్లండ్‌లో 1773లో భర్త ఆర్ట్ ఓ లీరీని కాల్చి చంపినప్పుడు ఐలీన్ డవ్ చెప్పిన శోకగీతం ఇంకా తీవ్రం. కళ్లెం నేల మీద ఈడ్చుకుంటూ గుర్రం ఒంటరిగా ఇంటికి వస్తుంది. ఆవిడ దాన్నే ఎక్కి పరుగెత్తించి, ముళ్లపొద పక్కన పడున్న భర్తను చేరుతుంది. కారుతున్న నెత్తురు తుడవడానికి ఆగకుండా దోసిళ్లతో తాగానంటుంది. పండితులు రాసి దిద్దిన కావ్యం కాదది, నోటినుంచి నోటికి నిలిచి తర్వాత కాగితం మీదికి ఎక్కింది.

ఇంకొక పోలిక ఉంది, మనం ఇక్కడ మాట్లాడుకోనిది. ఐలీన్ ఏడుపులో తన భర్త చావుకు కారకుడైన మోరిస్‌కు శాపనార్థాలున్నాయి. కాథలిక్కుల గుర్రం ఎంత మంచిదైనా 5 పౌండ్లు ఇచ్చి లాక్కోవచ్చన్న చట్టం అప్పట్లో ఉండేది. మోరిస్ అడిగితే ఆర్ట్ తన గుర్రాన్ని ఆ ధరకు ఇవ్వనన్నందుకే గొడవ ముదిరిందని చెప్తారు. భూరిశ్రవుడి భార్య కూడా నిందిస్తుంది, అదీ కృష్ణుడి ఎదుటే. వేరొకరితో పోరాడుతూ ఏమరుపాటున ఉన్నవాణ్ని నీ సమక్షంలో పార్థుడు కొట్టాడు, రేపు సభల్లో అర్జునుడి ఈ ఘనకార్యం గురించి ఏం చెప్తావు జనార్దనా అని అడుగుతుంది. ‘పోకముడి’ శ్లోకానికి ముందో వెనకో ఈ ప్రశ్న లేకుండా చదివితే ఆవిడ ఒట్టి విరహిణిలా కనిపిస్తుంది. ఆ చేయి ఆవిడకు జ్ఞాపకమూ, సాక్ష్యమూ. దగ్గరితనం ఎంత ఒలికిస్తే అభియోగం అంత బరువెక్కుతుంది.

అందుకే పిల్లల పుస్తకాల కోసమో, మర్యాద కోసమో ఈ శ్లోకాన్ని ఎత్తేసి అనువదించే వాళ్లతో నాకు పేచీ. శృంగారం తీసేయాలనుకుంటే ఆ నిలదీతకున్న పదును కూడా తగ్గించినట్టే. ఇలాంటి ఘట్టాలు ఇంకేవైనా, ముఖ్యంగా మన ప్రబంధాల్లో, మీ దృష్టిలో ఉంటే పద్యంతో సహా ఇక్కడ పెట్టండి.