మిర్చి కల్లంలో పనిచేసే అమ్మ ముఖానికి ఏం రాయాలి?

అందరికీ నమస్కారమండి. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. మిర్చి కోతలు మొదలయ్యాయంటే అమ్మ రోజంతా ఎండలోనే ఉంటుంది. తలగుడ్డ నుదురు వరకే ఆగుతుంది, రెండు బుగ్గల ఎముకల మీద మాత్రం గోధుమరంగు మచ్చలు పరుచుకున్నాయి. చేతులైతే జాకెట్టు అంచు దగ్గర గీత గీసినట్టు రెండు రంగులు. దానికి తోడు మిర్చి ఘాటు తగిలి సాయంత్రానికి చర్మం మంట.

పెరట్లో కలబంద ఉంది. మట్ట కోశాక కారే పసుపు జిగురు దురద పెడుతుంది కాబట్టి, అది పోయేదాకా నిలబెట్టి, కడిగి లోపలి గుజ్జే రాస్తున్నాం. మంట తగ్గుతోంది, మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి. మా అత్తయ్య నిమ్మరసం పట్టించమంటోంది. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి ఇంకా నల్లబడుతుంది, అందుకే వద్దన్నాను.

కస్తూరి పసుపు, మంజిష్ఠ, కుంకుమాది తైలం వీటిలో ఏదైనా వాడి ఇలాంటి మచ్చలు తగ్గినవాళ్లు ఉన్నారా? రాత్రి రాసి పొద్దున కడిగేస్తే సరిపోతుందా? మూలికలు ఒక్కటే ఎండను ఆపుతాయని నాకు నమ్మకం లేదు. అందుకే చెమటకు కారిపోని, జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ కూడా కొనాలనుకుంటున్నాను. ముందు కలబంద రాయాలా, సన్‌స్క్రీనా?

ఇవి మంగు మచ్చలే అయితే ముందు చర్మ డాక్టరుకే చూపించాలా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. అద్దం చూసుకోవడమే మానేసింది అమ్మ, నాకు చాలా టెన్షన్‌గా ఉంది.