బొడ్డు లైన్ తీసి చేతికి పిక్ లైన్ వేస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

కొత్తనాన్న (కరీంనగర్):
మా పాప 29 వారాలకే పుట్టింది, బరువు 1,080 గ్రాములు. ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) ఉంది. పుట్టిన రోజే బొడ్డులోంచి సన్న గొట్టం వేశారు. వారం కావస్తోంది, ఇప్పుడది తీసేసి చేతి నరం గుండా గుండె దాకా పిక్ లైన్ వేస్తామని సంతకం అడుగుతున్నారు. గుండె అనేసరికి మా అత్తమ్మ ఒకటే ఏడుపు. మామూలు సెలైన్ సూది సరిపోదా?

నైట్ డ్యూటీ సిస్టర్ (గుంటూరు):
అన్నా, అంత చిన్న పిల్లల నరాలు దారప్పోగుల్లా ఉంటాయి. మామూలు సూది ఒకటి రెండు రోజులకే ఉబ్బిపోతుంది, మళ్లీ గుచ్చాలి. పైగా పాలు పూర్తిగా అరిగేదాకా టీపీఎన్, అంటే నరంలోకి ఎక్కించే ఆహారం, నడవాలి కదా. అందులో గ్లూకోజ్ 12.5 శాతం దాటితే చిన్న నరం తట్టుకోదు, బయటికి కారితే చర్మం నల్లబడి పుండు పడుతుంది. పిక్ లైన్ చేరే పెద్ద సిరలో రక్తం జోరుగా పారుతుంది కాబట్టి మందు వెంటనే పలచబడిపోతుంది. బొడ్డు లైన్ ఎక్కువ రోజులుంటే ఇన్ఫెక్షన్ భయం, అందుకే చాలా చోట్ల వారం, పది రోజుల్లో మార్చేస్తారు.

గుండె దాకా అంటే గుండె లోపలికి కాదు. దాని పక్కన పెద్ద సిరలోనే కొన ఆగాలి. లోపలికి పోతే, అరుదుగానే అయినా, గుండె చుట్టూ నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వేయగానే ఎక్స్‌రే తీస్తారు. చేయి మడిచినా చాపినా కొన కదులుతుంది, ఫిల్మ్‌లో అదీ చూస్తాం.

వేసేటప్పుడు పాపని గుడ్డలో చుట్టి ఒక్క చేయే బయట పెడతాం. నాలుక మీద అమ్మ పాల చుక్క వేసి, పళ్లు లేని సన్న పటకారుతో లైన్‌ని కొద్దికొద్దిగా తోస్తాం. మా సీనియర్ డాక్టర్ ఒకాయన ఆ టైంలో ఎవరి ఫోన్ మోగినా ఊరుకోడు.

బుజ్జోడి అమ్మ (నల్గొండ):
మా వాడికీ వేశారండి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టొద్దని వార్మర్‌కి (పాపాయిని వెచ్చగా ఉంచే మంచం) కాగితం అంటించారు. లైన్ ఉన్నా రక్త పరీక్షకి మడమలోనే గుచ్చుతుంటే కోపమొచ్చి అడిగాను. అంత సన్నదాంట్లోంచి రక్తం లాగితే మూసుకుపోతుందన్నారు. గుండెల మీద పడుకోబెట్టుకోవడానికి మాత్రం ఏమీ అడ్డం రాలేదు, సిస్టర్ ట్యూబుని నా నైటీకి టేపుతో అంటించేది.

కొత్తనాన్న:
థాంక్స్ అక్కా. మరి ఈ లైన్‌కి ఇన్ఫెక్షన్ రాదా?

నైట్ డ్యూటీ సిస్టర్:
రావచ్చు, దాచేదేముంది. ముట్టుకునే ముందు చేతులు కడగాలి, మందు ఎక్కించే మూతిని స్పిరిట్‌తో గట్టిగా రుద్ది ఆరనివ్వాలి. ఆరకముందే మందు ఎక్కించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రోజూ రౌండ్స్‌లో "లైన్ ఇంకా అవసరమా" అని మీరే అడగండి, ఎవరూ తప్పుగా అనుకోరు. పాలు కిలో బరువుకి రోజుకి 120 మి.లీ. దాకా అరుగుతుంటే చాలా యూనిట్లలో తీసేస్తారు. చెల్లెమ్మని మాత్రం రాత్రిపూట కూడా పాలు పిండడం ఆపొద్దనండి.